మంగోలుల పాల టీలో సగం పొరుగువాళ్లదే: ఇన్నర్ మంగోలియా తిండి కథ

మొన్నామధ్య ఫ్రెండ్స్‌తో కలిసి హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్‌కి వెళ్లాను. మెనూలో 'మంగోలియన్ చికెన్' కనిపిస్తే ఆర్డర్ చేశాం. సోయా సాస్, వెల్లుల్లి, క్యాప్సికమ్, కొంచెం తీపి. బాగానే ఉంది. తింటుంటే మావాడొకడు అడిగాడు, "ఒరేయ్, చెంగీజ్ ఖాన్ తిన్నది ఇదేనా?" అని. అందరం నవ్వేశాం. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

చదివితే తేలిందేంటంటే, ప్రపంచమంతా 'మంగోలియన్ బార్బెక్యూ' అని పిలుస్తున్న వంటకం పుట్టింది తైవాన్‌లో. 1951లో వూ జావోనాన్ అనే ఆయన తైపేలో ఒక స్టాల్ పెట్టాడు. ఆయన బీజింగ్‌లో పుట్టి, తర్వాత హాస్య కళాకారుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. వేడి ఇనుప పలక మీద మాంసం, కూరగాయలు వేయించి ఇచ్చేవాడు. మొదట 'బీజింగ్' అని పేరు పెడదామనుకున్నాడు. కానీ అప్పుడే కమ్యూనిస్టుల చేతికి వెళ్లిన ఊరి పేరు తైవాన్‌లో పెట్టుకోవడం అంటే కొరివితో తల గోక్కోవడమే. అందుకని 'మంగోలియన్' అన్నాడు. అంతే. ఆ వంటలో మంగోలుల చెయ్యి ఎక్కడా లేదు.

సరే, మరి నిజమైన మంగోలులు ఏం తింటారు? వాళ్ల పక్కనే వందల ఏళ్లుగా ఉంటున్న హాన్ చైనీయులు ఏం తింటారు? ఇద్దరి పళ్లేలు కలిసిపోయాయా? కలిసిపోతే "మేము వేరు, వాళ్లు వేరు" అనేది ఇంకా ఎలా నిలిచింది? ఈ రోజు ఎపిసోడ్ దీని మీదే.

ముందు ఒక కన్‌ఫ్యూజన్ తీర్చేద్దాం. మంగోలియా అనేది ఒక స్వతంత్ర దేశం. దానికి దక్షిణాన చైనా లోపల ఇన్నర్ మంగోలియా ఉంది. 1947 మే 1న ఏర్పడిన స్వయంపాలిత ప్రాంతం ఇది. రాజధాని హోహోట్. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ దాదాపు 2.4 కోట్ల మంది ఉంటే, అందులో మంగోలులు సుమారు 42 లక్షలు. అంటే తమ పేరున్న ప్రాంతంలోనే దాదాపు ఆరుగురిలో ఒక్కరు మంగోలు. మిగతావాళ్లలో అత్యధికులు హాన్‌లు. ఇంకో విచిత్రం, చైనా మొత్తంలో ఉన్న మంగోలుల సంఖ్య స్వతంత్ర మంగోలియా జనాభా కంటే ఎక్కువ.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం.

మంగోలుల సంప్రదాయంలో తిండి రెండు రంగులు. పాలతో చేసేవన్నీ తెల్ల తిండి, మాంసం ఎర్ర తిండి. వేసవిలో పశువులు పాలిస్తాయి కాబట్టి తెల్ల తిండి ఎక్కువ, చలికాలంలో ఎర్ర తిండి ఎక్కువ. తెల్ల తిండి లిస్టు వింటే మనకు కొత్తగా అనిపించదు. పాలు కాచి తీసే మందపాటి మీగడ, అదే ఉరుమ్. పాలు విరిచి, నీళ్లు పిండేసి ఎండబెట్టే ఆరూల్, రాయిలా గట్టిగా ఉంటుంది, నెలల తరబడి చెడిపోదు. మన నెయ్యి లాంటి పసుపు వెన్న. గుర్రం పాలు పులియబెట్టి చేసే అయ్‌రాగ్, కొంచెం పుల్లగా, కొంచెం మత్తుగా ఉంటుంది. అన్నిటికంటే రోజూ తాగేది సూతే త్సాయ్, అంటే పాల టీ. పంచదార బదులు ఉప్పు వేస్తారు.

హాన్ రైతుల ఇల్లు వేరు. ఇన్నర్ మంగోలియా పశ్చిమ భాగంలో స్థిరపడిన హాన్‌లలో చాలామంది పూర్వీకులు పక్కనున్న షాన్‌షీ, షాన్‌షీకి పడమరనున్న షెన్‌షీ రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల పళ్లెంలో ఓట్స్ పిండితో చేసే యౌమియెన్, చిరుధాన్యాల జావ, బంగాళదుంపలు, పంది మాంసం, పైన వెనిగర్.

ఈ తేడా ఎవరికో రుచి నచ్చి, ఎవరికో నచ్చక వచ్చింది కాదు. నేల నుంచి వచ్చింది. గొర్రె గడ్డి మేస్తుంది, మనిషితో పాటు మైళ్లకు మైళ్లు నడుస్తుంది. పందిని అలా తోలుకెళ్లలేం. దానికి ఇంటి మిగులు, పొలం తవుడు, ఒక చోట దొడ్డి కావాలి. కాబట్టి పంది ఉందంటే అక్కడ స్థిరమైన ఊరు ఉన్నట్టు. గొర్రెల మంద ఉందంటే కదిలే ఇల్లు ఉన్నట్టు. మటన్, పంది మాంసం అనే మాటల వెనక రెండు జీవన విధానాలు ఉన్నాయన్నమాట.

కోసే పద్ధతిలో కూడా తేడా ఉంది. మంగోలులు గొర్రెను వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ కింద చిన్న గాటు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చి గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని తెంపుతారు. నేల మీద ఒక్క చుక్క రక్తం పడకూడదు. ఆ రక్తాన్ని కూడా పేగుల్లో నింపి వండుకుంటారు. గొంతు కోసే పద్ధతి చూస్తే, అది తమది కాదని సంప్రదాయ మంగోలుకు వెంటనే తెలిసిపోతుంది. పళ్లెంలోకి వచ్చాక రెండూ మటనే. అయినా తేడా ఉంది.

సరే, రెండు వంటిళ్లు వేరు. మరి వీళ్లు కలుసుకున్నది ఎక్కడ? సంతలో.

16వ శతాబ్దంలో అల్తాన్ ఖాన్ అనే మంగోల్ నాయకుడు చైనా మింగ్ సామ్రాజ్యం మీద ఏళ్ల తరబడి దాడులు చేశాడు. ఆయన అడిగింది ఏంటో తెలుసా? మాతో వ్యాపారం చెయ్యండి అని. గుర్రాలు మా దగ్గర ఉన్నాయి, ధాన్యం, బట్ట, వంటపాత్రలు మీ దగ్గర ఉన్నాయి. చివరికి 1571లో రాజీ కుదిరింది, సరిహద్దులో సంతలు తెరుచుకున్నాయి. అక్కడ కూడా ఒక గొడవ. మంగోలులు ఇనుప వంటపాత్రలు కావాలన్నారు. మింగ్ అధికారులు భయపడ్డారు, కరిగించి ఆయుధాలు చేసుకుంటారేమో అని. మామూలు వంటగిన్నె మీద సామ్రాజ్యం స్థాయిలో చర్చ జరిగింది! కరిగించినా పెద్దగా పనికిరాని రకం గిన్నెలు ఇద్దామా, పాతది తెస్తేనే కొత్తది ఇద్దామా, ఇలా.

అల్తాన్ ఖాన్ కాలంలోనే హోహోట్ నగరం వెలిసింది. అప్పటికే పన్నుల బాధ, కరువు తట్టుకోలేక గోడ దాటి వచ్చి ఆయన నేల మీద వ్యవసాయం చేసుకుంటున్న హాన్ రైతులు ఉన్నారు. మహా కుడ్యం అంటే మనం ఇటువాళ్లు అటు పోకుండా కట్టిన గోడ అనుకుంటాం. ఆకలేస్తే మనిషికి ఏ గోడా అడ్డం కాదు.

తర్వాత చింగ్ సామ్రాజ్యం వచ్చింది. మంగోల్ నేలలోకి హాన్ రైతుల వలసను కాగితం మీద అదుపు చేసింది. కానీ షాన్‌షీలో కరువొచ్చిన ప్రతిసారీ జనం 'పడమటి కనుమ' దాటి వెళ్తూనే ఉన్నారు. మొదట్లో వసంతంలో వెళ్లి పంట వేసి, చలికాలానికి తిరిగొచ్చేవాళ్లు. తర్వాత అక్కడే ఉండిపోయారు. 1902లో ప్రభుత్వమే విధానం మార్చేసింది. ఖజానాకు డబ్బు కావాలి, సరిహద్దులో జనం కావాలి. అందుకని మంగోలుల మేత భూములను అధికారికంగా సాగుకు తెరిచింది. గడ్డి నేలల్లో నాగలి దిగింది. మేత భూమి తగ్గితే మంద తగ్గుతుంది, మంద తగ్గితే పాలు తగ్గుతాయి. ఇక్కడి నుంచి తిండి కథ, భూమి కథ ఒకటే.

ఇప్పుడు ఆ పాల టీ గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకుందాం. ఇన్నర్ మంగోలియాలో ఏ మంగోల్ ఇంటికి వెళ్లినా ముందు ఇచ్చేది ఇదే. 'మా తిండి' అనగానే వాళ్లు చెప్పే మొదటి పేరూ ఇదే. ఇందులో ఏముందో చూడండి. పాలు, వెన్న, మీగడ మంగోలులవి. టీ? గడ్డి నేలల్లో టీ మొక్క బతకదు. అది దక్షిణ చైనాలోని హుబే, హునాన్‌ల నుంచి ఇటుకల్లా అచ్చుపోసి వచ్చేది. షాన్‌షీ వ్యాపారులు తెచ్చి అమ్మేవాళ్లు. ఒక దశలో ఈ టీ ఇటుక డబ్బులా కూడా చెల్లింది. చాలామంది మంగోలులు ఈ టీని అప్పుకి తీసుకుని, వడ్డీలు కట్టలేక మందలు పోగొట్టుకున్నారు. ఇక టీలో పోసుకునే వేయించిన వరిగలు? అది ధాన్యం, పొలంలో పండేది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మంగోలులకు వ్యవసాయమే తెలియదు అనడం తప్పు. కొన్ని ప్రాంతాల్లో వాళ్లు వసంతంలో వరిగ గింజలు చల్లేసి, మందతో మేతకు వెళ్లిపోయి, కోత వేళకు తిరిగొచ్చేవాళ్లు. అయినా వాళ్లు తిన్న ధాన్యంలో చాలా భాగం సంత నుంచి, పొరుగు రైతు నుంచి వచ్చిందే.

అంటే మంగోలు అస్తిత్వానికి గుర్తుగా నిలబడ్డ గిన్నెలో సగం సరుకు హాన్‌ల వైపు నుంచి వచ్చింది. అటు చూస్తే ఇదే తంతు. హోహోట్‌లో హాన్‌లు ఇష్టంగా తినే షావ్‌మై అనే కుడుముల్లో ఉండేది మటన్. చైనా అంతటా చలికాలంలో పొంగే మటన్ హాట్‌పాట్‌కి కుబ్లాయ్ ఖాన్ సైనికుల కథ ఒకటి అంటగడతారు. అది కట్టుకథే అయినా, మటన్ అనగానే ఉత్తరాది గడ్డి నేలలు గుర్తొస్తాయని మాత్రం చెప్తుంది. అలాగే 1330లో హు సిహుయ్ అనే వైద్యుడు మంగోల్ చక్రవర్తి కోసం 'యిన్‌షాన్ జెంగ్‌యావ్' అనే ఆహార గ్రంథం రాశాడు. అది చైనీస్ భాషలో ఉంది, వంటలు చూస్తే ఎక్కడ చూసినా మటనే. కలగలుపు అప్పటి నుంచే ఉంది.

మరి గిన్నె కలిసిపోయాక తేడా ఎక్కడుంది? నాకు అర్థమైనంతలో, తినే తీరులో ఉంది. ఇంటికొచ్చిన అతిథికి ముందు తెల్ల తిండి పెట్టాలి. కొత్త పాలు కొంచెం వేలితో ఆకాశానికి, భూమికి చిలకరించాలి. గిన్నె కుడి చేత్తో గానీ రెండు చేతులతో గానీ అందించాలి. సరుకు ఎక్కడిదైనా, దాన్ని 'మాది' చేసుకునేది ఈ మర్యాద.

అయితే దీనికీ ఒక చిక్కు ఉంది. హోహోట్ చుట్టూ తుమెద్ మంగోలులు ఉంటారు. హాన్ రైతుల మధ్య తరాల తరబడి బతికి వాళ్లూ రైతులయ్యారు, చైనీస్ మాట్లాడటం మొదలుపెట్టారు, మంగోల్ భాష చాలావరకు పోయింది. ఇన్నర్ మంగోలియా స్వయంపాలిత ప్రాంతానికి మొదటి నాయకుడైన ఉలాన్‌హు తుమెద్ మనిషే. ఆయనకే మంగోల్ భాష సరిగ్గా రాదు. తిండి మారింది, మాట మారింది, అయినా వాళ్లు మంగోలులుగానే మిగిలారు. ఎందుకు? వంశం, ఊరి జ్ఞాపకం, ముఖ్యంగా భూమి మీద హక్కు. ఈ నేల మాది, మీరు వచ్చి కౌలుకి చేసుకున్నారు అనే లెక్క. తిండే అస్తిత్వం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే తుమెద్‌ల దగ్గర మన లెక్క తప్పుతుంది.

ఇంకో అపోహ ఉంది. "మంగోలుల ఒంటికి పాలు పడతాయి, హాన్‌ల ఒంటికి పడవు, అది రక్తంలోనే ఉంది" అంటారు. సైన్స్ ఏం చెప్తోంది? పాలలోని లాక్టోజ్ అరగాలంటే లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. ప్రపంచంలో చాలామందిలో చిన్నతనం దాటాక అది తగ్గిపోతుంది. ఉత్తర యూరప్ వాళ్లలో ఎక్కువమందికి అది పెద్దయ్యాక కూడా నిలిచే జన్యువు ఉంది. మంగోలుల్లో? అత్యధికులకు లేదు! హాన్‌లకీ లేదు. ఈ విషయంలో ఇద్దరూ ఒకటే. అయినా మంగోలియా గడ్డి నేలల్లో దాదాపు 5000 ఏళ్లుగా పాలు వాడుతున్నారని పాత పళ్ల మీది గారలో దొరికిన ప్రోటీన్లు చూపించాయి. ఇందులో పులియబెట్టడం పాత్ర పెద్దది. పాలను పులియబెడితే బ్యాక్టీరియా లాక్టోజ్‌ని చాలావరకు ముందే తినేస్తుంది. పచ్చి పాలు తాగితే కడుపు ఉబ్బరం అనే మనవాళ్లు కూడా మజ్జిగ హాయిగా తాగుతారు కదా, అదే సూత్రం. అంటే తేడా రక్తంలో లేదు, అమ్మ నేర్పిన వంటలో ఉంది.

అమ్మ అన్నాను కాబట్టి ఒక నిజమైన సంఘటన చెప్తాను. 1959 నుంచి 1961 వరకు చైనాలో మహా కరువు. షాంఘై చుట్టుపక్కల అనాథాశ్రమాల్లో పిల్లలు ఆకలితో అల్లాడుతున్నారు. పాలపొడి పంపమని బీజింగ్ నాయకులు ఉలాన్‌హుని అడిగారు. పొడి ఎంత పంపినా ఎన్నాళ్లు సరిపోతుంది? పిల్లల్నే గడ్డి నేలలకు పంపండి, మావాళ్లు పెంచుతారు అనే నిర్ణయం జరిగింది. అలా దాదాపు 3000 మంది పిల్లలు రైలెక్కి వచ్చారు. వాళ్లలో 28 మందిని సాకిన దుగుయిమా అనే మంగోల్ అమ్మాయికి అప్పటికి 19 ఏళ్లు. 2019లో ఆమెకు చైనా ప్రభుత్వం జాతీయ గౌరవ పతకం ఇచ్చింది. దక్షిణాదిలో పుట్టిన ఆ పిల్లలు పాలు తాగి, మటన్ తిని, మంగోల్ భాష మాట్లాడుతూ పెరిగారు. చాలామంది పశువుల కాపరులయ్యారు. వాళ్లని మీరెవరు అని అడిగితే ఏం చెప్తారు? పుట్టుక ఒకటి చెప్తుంది, తాగిన పాలు ఇంకోటి చెప్తాయి.

చైనా ప్రభుత్వం ఈ కథను జాతుల ఐక్యతకు ఉదాహరణగా తరచూ చెప్తుంది. కథ నిజమే. కానీ తర్వాతి పేజీ కూడా చదవాలి. కొన్నేళ్లకే సాంస్కృతిక విప్లవం వచ్చింది. వేర్పాటువాదులనే నింద మోపి మంగోలుల మీద భయంకరమైన వేట సాగింది. తర్వాత చైనా ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క ప్రకారం 3,46,000 మంది వేధింపులకు గురయ్యారు, 16,222 మంది చనిపోయారు. అదే కాలంలో పశుపోషకుల మీద రుద్దిన ఒక నినాదం ఉంది. దాని భావం, తాము పండించని ధాన్యం తినడం పశువుల కాపరులకు సిగ్గుచేటు, మనస్సాక్షికి విరుద్ధం అని. ఇంకొకరి ధాన్యం తినకూడదట, కాబట్టి మీ గడ్డి నేలను మీరే దున్నండి అన్నారు. వందల ఏళ్లుగా పాలు, మాంసం ఇచ్చి ధాన్యం తీసుకున్న మార్పిడిని ఒక్క నినాదంతో నేరం చేసేశారు. పలచని మట్టి పొర లేచిపోయి, చాలాచోట్ల ఇసుక మిగిలింది.

ఇక మన కాలానికి వద్దాం. 1993లో హోహోట్‌లో యీలీ పాల కంపెనీ, 1999లో మెంగ్‌న్యూ మొదలయ్యాయి. మెంగ్‌న్యూ అంటే అర్థం 'మంగోల్ ఆవు'. పచ్చని గడ్డి, నీలి ఆకాశం బొమ్మలతో పాలు చైనా మహానగరాలకు చేరాయి. ఒకప్పుడు పాలంటే ముఖం తిప్పుకున్న హాన్ కుటుంబాలు పిల్లలకు రోజూ గ్లాసుడు పాలు పట్టించడం మొదలుపెట్టాయి. అదే 1999లో బౌతౌ నగరంలో 'లిటిల్ షీప్' అనే హాట్‌పాట్ రెస్టారెంట్ పుట్టింది. 2012లో ఒక అమెరికన్ కంపెనీ చేతికి వెళ్లేంత పెద్దదైంది. 2008లో పాలలో మెలమైన్ కల్తీ బయటపడింది. ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ప్రధాన దోషి పక్క రాష్ట్రం హెబేకి చెందిన సాన్‌లూ కంపెనీ. పరీక్షల్లో యీలీ, మెంగ్‌న్యూ ఉత్పత్తుల్లో కూడా మెలమైన్ దొరికింది. ప్యాకెట్ మీద గడ్డి నేల బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల గడ్డి నేల పాలు ఉన్నట్టు కాదని జనానికి అప్పుడు తెలిసింది.

మరోవైపు 2000ల నుంచి, గడ్డి పాడైపోతోందని చెప్పి చాలాచోట్ల మేతను నిషేధించారు, పశుపోషక కుటుంబాలను పట్టణాలకు తరలించారు. దున్నినందువల్ల పాడైన నేల ఎంత, గనుల వల్ల పాడైనది ఎంత అనే లెక్క పక్కకు పోయింది, తప్పు మేకలు, గొర్రెల మీదికి వచ్చింది. ఫలితం ఏంటంటే, 'మంగోల్ ఆవు' పాలు సూపర్ మార్కెట్లో వెలిగిపోతుంటే, మంద లేని మంగోల్ కుటుంబం పాల టీ కోసం ప్యాకెట్ పాలు కొనుక్కుంటోంది.

చివరిగా 2020. సెప్టెంబర్‌లో బడులు తెరిచే సమయానికి కొత్త ఆదేశం వచ్చింది. మంగోల్ మీడియం బడుల్లో కూడా భాషా సాహిత్యాలు, తర్వాతి రెండేళ్లలో రాజనీతి, చరిత్ర పాఠాలు చైనీస్‌లో చెప్పాలని. మంగోల్ భాష ఒక సబ్జెక్టుగా మిగిలింది. తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపకుండా నిరసన తెలిపారు. ఆ నిరసనను అణిచేశారు. విధానం మారలేదు.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు మాట. భాష మీద ఒత్తిడి పెరిగి, మంద పోయి, నేల చేజారాక, 'మేము మంగోలులం' అని బయటికి చూపించుకోవడానికి తేలిగ్గా మిగిలేది తిండే. తిండికి ఏ ప్రభుత్వమూ అభ్యంతరం చెప్పదు, పైగా ప్రోత్సహిస్తుంది. సిమెంటు గుడారాల్లో టూరిస్టు రెస్టారెంట్లు, పాటలు, పొగలు కక్కే మటన్, అందరికీ నచ్చుతుంది. కానీ ఆ గిన్నెను ఏ మాటతో అందించాలో తెలిసిన మనిషి పోతే, ఆ పాల టీ మన 'మంగోలియన్ చికెన్' లాగే పేరు మాత్రమే అవుతుంది. వండిన వంట కలగలిసిందైనా పర్వాలేదు, ఎప్పుడూ కలగలిసిందే. దాన్ని 'మాది' చేసే భాష, నేల, మర్యాద ఉండాలి. నా భయం ఆ మూడింటి గురించే.

అందుకే మా ఫ్రెండ్‌కి ఇప్పుడు జవాబు చెప్పగలను. లేదురా, చెంగీజ్ ఖాన్ అది తినలేదు. ఆయన వారసులు ఈ రోజు ఉప్పు టీలో వరిగలు వేసుకుని తాగుతున్నారు. ఆ టీ వెనక ఎంత కథ ఉందో తెలుసుకోవాలంటే ఈ ఎపిసోడ్ వినమని లింక్ పంపిస్తా.

మీ ఇంట్లో 'ఇది మాదే' అనుకునే వంటకం ఒకటి తీసుకోండి. అందులో ఒక్కో దినుసు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి. ఏం తెలిసిందో నాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.